గుస్సాడీ చూడాలంటే దీపావళికే వెళ్లాలి

రెండేళ్ల కిందట అరకులో ఒక రిసార్టువారు అతిథుల కోసం అక్కడి గిరిజనుల థింసా నాట్యం ఆడించారు. ఒకరి నడుము వెనుక ఒకరు చేతులు పెనవేసుకుని ఆడవాళ్లు చక్కగా ఆడారు. చూసేవాళ్లం మాత్రం చేతుల్లో పళ్లేలు పట్టుకుని తింటున్నాం. ఆ సిగ్గు వదలకే కాబోలు, ఆదిలాబాద్ గోండుల దీపావళి ఆట గుస్సాడీని దాని ఊళ్లోనే, దాని రోజుల్లోనే చూడాలనుకున్నాను.

ఉట్నూరులో బస. లాడ్జి గది శుభ్రంగానే ఉంది. తెల్లవారుజామున వేడినీళ్లన్న హామీ మాత్రం నీటిమూటే. అక్కడి నుంచి జైనూరుకు బస్సు, ఆపైన మార్లవాయికి ఆటో. ఆలస్యమైనందుకు ఆటో అతను ఇంకో రెండు వందలు అడిగాడు. తప్పు నాదే, దండారీకి, అంటే ఊరి నుంచి ఊరికి ఆడుతూ వెళ్లే గుస్సాడీ బృందానికి, వేళాపాళా ఉంటుందనుకున్నాను.

మార్లవాయి గుస్సాడీ గురువు కనక రాజు ఊరు. 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. 1940ల్లో గోండుల మధ్య ఉండి పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీల సమాధులూ ఇక్కడే ఉన్నాయి.

పొద్దు వాలాక చేల అవతల గజ్జెలు మోగాయి, వెనుకే సన్నాయిలాంటి పెప్రె, డప్పులు. పొరుగూరి దండారీ విడిదికి వస్తోంది. నెమలి ఈకల పెద్ద టోపీలు, ఒంటికి బూడిద, భుజాన జంతుచర్మం, చేతిలో కర్ర. ఊరివాళ్లు ఎదురెళ్లి తీసుకొచ్చారు. ఆ రాత్రి వాళ్ల తిండీ పడకా ఈ ఊరిదే. ఈ రాకపోకల్లోనే పెళ్లి సంబంధాలూ కలుస్తాయట. దీక్షలో ఉన్నన్నాళ్లూ గుస్సాడీలు స్నానం చేయరని తెలిశాక, వేడినీళ్ల మీద నా ఫిర్యాదు నోట్లోనే ఉండిపోయింది.

ఆట ఎంతసేపు సాగిందో చెప్పలేను. ఈకల టోపీలన్నీ ఒక్కసారి ఊగినప్పుడు ఫోను తీయబోయాను. పక్కనున్న పెద్దాయన, "దేవుడి వేషం, అడిగి తీయండి" అన్నారు. ఎవరినీ అడగకుండానే జేబులో పెట్టేశాను.

మర్నాడు ఉషేగాం వెళ్లాను. మైనపు అచ్చు కరిగిన చోట ఇత్తడి పోసే ఓజాల ఊరు. ఆ పనికే డోక్రా అని పేరు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. చిన్న గంట ఒకటి కొన్నాను, బేరమాడలేదు. వెళ్లేవాళ్లు చేతిలో నగదు ఉంచుకోండి, తాగునీళ్లూ దుప్పటీ మరవకండి. ఆటోకు గంటల లెక్కన కాకుండా రోజంతటికీ మాట్లాడుకోండి.