ఊదా రంగు చూసి ఊబె కుకీలని నమ్మకండి: 2,100 పెసోలు పోయాక తెలిసింది

మనీలాలో ఉంటున్న మనవాళ్ళకి, ముఖ్యంగా సెలవులకి ఇండియా వెళ్తూ పసలూబోంగ్ కొనేవాళ్ళకి ఈ పోస్టు. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం చెప్తున్నా, పసలూబోంగ్ అంటే ఊరి నుంచి ఇంట్లోవాళ్ళకి పట్టుకెళ్ళే తాయిలాలు. ఫిలిపినోలకి అది లేకుండా ఇంటి గుమ్మం ఎక్కడం నామోషీ. నాలుగేళ్ళలో ఆ అలవాటు నాకూ అంటుకుంది. ఈసారి సంక్రాంతికి ఊబె క్రింకిల్స్ అనే కుకీలు ఆరు డబ్బాలు తీసుకెళ్ళాను. డబ్బు పోయింది, పోతే పోయింది. పుట్టి బుద్ధెరిగాక గుడ్డు ముట్టని మా మామ్మ చేత గుడ్డు తినిపించాను. అదీ నా బాధ.

ఊబె అంటే ఏదో విదేశీ దుంప అనుకోకండి. అది మన పెండలం జాతే, కాకపోతే లోపల ఊదాగా ఉంటుంది. గుజరాతీలు ఉంధియులో వేసే ఊదా దుంప కూడా ఇదే. ఇక్కడ దాన్ని ఉడకబెట్టి, కోరి, పాలూ వెన్నా చక్కెరా వేసి గరిట తిరగనంత దగ్గరపడేదాకా కలియబెడతారు. అది హలాయా. మంచి కుకీలో ఆ హలాయా గానీ, దుంప పొడి గానీ పడుతుంది. పిండిని ఉండలు చేసి పంచదార పొడిలో దొర్లించి కాలిస్తే పైన తెల్లగా పగుళ్ళు, మధ్యలో ఊదా గీతలు వస్తాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, కాదనను. ఆ ముచ్చటకే నేను పడిపోయాను.

ఆన్‌లైన్‌లో ఒక పేజీ కనిపించింది. డబ్బా 350 పెసోలు. 'అచ్చమైన ఊబె, గుడ్డు లేదు, పంది కొవ్వు లేదు' అని పెద్ద అక్షరాలతో రాసుకున్నారు. మెసేజ్ పెట్టి రెండుసార్లు అడిగాను. 'వలాంగ్ ఇట్లోగ్ పో' అని, అంటే గుడ్డు లేదండీ అని, దండం పెట్టే బొమ్మతో సహా జవాబిచ్చారు. ఫోన్‌లో డబ్బు పంపే యాప్ జీక్యాష్‌లో ముందే మొత్తం పంపమన్నారు. పంపాను. అక్కడే ఒక తప్పు చేశాను. సరుకు చేతికొచ్చాక ఇచ్చే పద్ధతి ఉన్నప్పుడు నేరుగా పంపాల్సిన అవసరం ఏముంది? విమానం టెన్షన్‌లో ఉన్నాను, డబ్బాలు కూడా ముందురోజు రాత్రి వచ్చాయి. తెరిచి చూడకుండానే సూట్‌కేసులో సర్దేశాను. ఇది రెండో తప్పు.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. పెండలం మా ఇంట్లో ఏటా పండేదే, దాని వేపుడు మామ్మ చేతిదే తినాలి. 'మామ్మా, ఇది పిలిప్పీన్స్ పెండలంతో చేసిన బిస్కెట్టు' అని గొప్పగా చేతిలో పెట్టాను. ఒకటి తినేసి, రెండోది సగం కొరికి ఆగింది. 'ఒరేయ్, ఇందులో పెండలం లేదురా. సెంటు వాసనొస్తోంది' అంది. నేను నవ్వేశాను. ఇంతలో మా తమ్ముడు డబ్బా తిరగేసి, అడుగున అంటించిన స్టిక్కర్‌ని గోటితో గీకాడు. దానికింద ఇంకో లేబుల్ ఉంది. మైదా, చక్కెర, మార్జరిన్, ఎగ్ పౌడర్, ఊబె ఫ్లేవర్, రంగులు. అంతే. ఊబె అన్న దుంప పేరే లేదు. తయారుచేసినవాళ్ళ చిరునామా లేదు, లైసెన్స్ నంబరూ లేదు.

మామ్మ నన్నేమీ అనలేదు. లేచి వెళ్ళి నోరు పుక్కిలించుకుని, ఆ పూట అన్నం తినలేదు. తిట్టినా బాగుండేది.

అమ్మినవాళ్ళకి లేబుల్ ఫోటో పంపాను. చూసినట్టు గుర్తు పడింది, పది నిమిషాల్లో బ్లాక్ చేశారు.

తిరిగొచ్చాక కడుపుమంటతో కుబావో ఫార్మర్స్ మార్కెట్‌కి వెళ్ళి అసలు ఊబె దుంప కొని ఉడకబెట్టాను. దుంపలో ఉండే ఆ సహజమైన రంగు పులుపు తగిలితే ఎర్రబడుతుంది, వంటసోడా తగిలితే నీలంగా, ఆకుపచ్చగా తిరుగుతుంది. మెదిపిన ఊబెని నీళ్ళలో కలిపి కలమాన్సి, అంటే ఇక్కడి చిట్టి నిమ్మకాయ, పిండితే గులాబీ రంగుకి వచ్చింది. నాతోపాటు వెనక్కి తెచ్చుకున్న డబ్బాలోంచి కుకీ పొడి చేసి అదే పని చేశాను. ఊదా ఊదాగానే ఉంది, చలించలేదు. అలాగని ఈ పరీక్షనే నమ్ముకుని కూర్చోకండి. చిటికెడు హలాయా వేసి దాని మీద రంగు గుమ్మరించినా ఇలాగే కనిపిస్తుంది. చిలగడదుంపల్లోనూ ఊదావి ఉన్నాయి, వాటి రంగు కూడా పులుపుకి ఇలాగే మారుతుంది. అది ఊబె కాదు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఊబె ఫ్లేవర్ సీసా వాడటం ఇక్కడ మోసం కాదు. చాలా ఇళ్ళల్లో, బేకరీల్లో వాడతారు, ఎందుకంటే అసలు దుంప రంగు అంత మిరుమిట్లు గొలపదు. కుకీ పిండిలో సోడా పడితే బూడిద రంగుకి కూడా తిరగొచ్చు. బాగియోలో గుడ్ షెపర్డ్ కాన్వెంట్ సిస్టర్లు చేసే ఊబె జామ్‌కి దేశమంతా పేరు. కొన్నేళ్ళ క్రితం ఊదా దుంపలు దొరక్కపోతే, వాళ్ళు రంగు కలపకుండా తెల్ల ఊబెతోనే జామ్ చేసి తెల్లగానే అమ్మారు. నిజాయితీ అంటే నాకు ఇప్పుడు అదే గుర్తొస్తుంది. బొహోల్ ద్వీపంలోనైతే ఊబె చేతిలోంచి కిందపడితే తీసి ముద్దు పెట్టుకుంటారట, మనం అన్నం మెతుకుని కళ్ళకద్దుకున్నట్టు. అంత గౌరవమున్న దుంప పేరు చెప్పి రంగునీళ్ళు అమ్మడం ఏమిటి?

కాబట్టి కొనేముందు 'ఊబె ఉందా?' అని అడగకండి, ఉందనే అంటారు. 'హలాయా వేశారా, పొడి వేశారా, ఫ్లేవర్ వేశారా?' అని అడగండి. లేబుల్ వెనకవైపు ఫోటో పంపమనండి. నిజంగా చేసేవాళ్ళు పంపుతారు, మాట తిప్పేవాళ్ళు మళ్ళీ కుకీల ఫోటోనే పంపుతారు. కంటికి కొట్టొచ్చే ఊదా రంగుంటే అనుమానించండి. ఇంట్లో శాకాహారులుంటే మరీ జాగ్రత్త. క్రింకిల్స్‌లో మామూలుగా గుడ్డు ఉంటుంది, గుడ్డు లేనివి అరుదు. ఊబె హోపియా, అంటే లోపల ఊబె ముద్ద పెట్టి కాల్చే పొరల బిస్కెట్టు లాంటిది, అయితే పాత పద్ధతిలో పై పొరలకి పంది కొవ్వు వేస్తారు. లేబుల్ మీద 'లార్డ్' అన్న మాటొక్కటే వెతికితే చాలదు, 'మాంతికా' అని రాసి ఉంటే ఏ కొవ్వో అడగండి. ఆ మాట నూనెకీ వాడతారు, పంది కొవ్వుకీ వాడతారు. దుకాణంలో 'మై ఇట్లోగ్ పో బా?' అని అడిగితే గుడ్డుందో లేదో చెప్తారు. ఎదురుగా నిలబడి అడిగితే అబద్ధం చెప్పడం కొంచెం కష్టం.

ప్యాకెట్లలో ఆహారం తయారుచేసి అమ్మేవాళ్ళకి ఇక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లైసెన్స్ ఉండాలి. వాళ్ళ వెరిఫికేషన్ పోర్టల్‌లో పేరు కొడితే తెలుస్తుంది. నేను ఆ పని డబ్బు పంపేముందు కాదు, ఇంటికెళ్ళి వచ్చాక చేశాను. ఏమీ రాలేదు. వాణిజ్య శాఖ డీటీఐకి ఫిర్యాదు పెట్టాను, వాళ్ళ ఫోన్ నంబరు 1384. జీక్యాష్ రసీదు, చాట్ స్క్రీన్‌షాట్లు, రెండు లేబుళ్ళ ఫోటోలు అడుగుతారు కాబట్టి ఏదీ డిలీట్ చేయకండి. నా డబ్బు ఇంకా రాలేదు.

నిన్న రాత్రి అదే కుకీల ఫోటో వేరే పేజీ పేరుతో మళ్ళీ కనిపించింది. నీలం అంచున్న తెల్ల పళ్ళెం, పక్కన చెక్క గరిట, కుడివైపు కుకీ ఒకటి కొరికినట్టు ఉంటుంది. ఈసారి డబ్బా 380 పెసోలు.