బీపీటీనా, బీఎస్సీ నర్సింగా: ఏది మేలు?

నీట్‌లో ర్యాంకు రాలేదు, బైపీసీ చదివిన పిల్లని ఇప్పుడు ఎందులో చేర్చాలి అని ఏటా అడ్మిషన్ల సీజన్‌లో మా చుట్టాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఎంతసేపు మాట్లాడినా చివరికి రెండు పేర్ల దగ్గరే ఆగుతారు, ఒకటి బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, రెండోది బీఎస్సీ నర్సింగ్. నేను చదివింది బీపీటీ, మా చిన్నాన్న కూతురు నర్సింగ్ చేసింది. నా మాట ఫిజియో వైపు కాస్త మొగ్గుతుందని ముందే అనుకుని చదవండి. అయినా అడిగినవాళ్లలో సగం మందికి నర్సింగే చెప్పాను.

సిలబస్ సంగతి తర్వాత, ముందు ఒక మంచం దగ్గరికి రండి. అరవై ఏళ్ల పెద్దాయన, పక్షవాతం, కుడి చెయ్యి కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దగా వస్తోంది. నర్సు ఆయనకు వేళకు మందులిస్తుంది, బీపీ రాసుకుంటుంది, ముక్కు గొట్టంలో పాలో జావో పోస్తుంది, వీపున పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతుంది, రాత్రి రెండింటికి ఊపిరిలో తేడా వస్తే అందరికంటే ముందు పట్టుకునేదీ ఆమే. ఫిజియో వచ్చేది రోజుకు ఒకటి రెండుసార్లు, అరగంటో ముప్పావుగంటో ఉంటాడు. పడిపోయిన చేతిని ఎలా ఆనించి పడుకోబెట్టాలో చూపిస్తాడు, కీళ్లు బిగుసుకుపోకుండా కదిలిస్తాడు, మంచం అంచున కూర్చోబెట్టి ఒరిగిపోకుండా ఆపుకోవడం నేర్పిస్తాడు. ఇంట్లోవాళ్లు ప్రేమ కొద్దీ ఆ పడిపోయిన చేతినే పట్టుకుని లాగి లేపుతుంటారు, అలా లాగితే భుజం కీలు జారుతుంది, అది మాన్పించడమే మొదటి వారం సగం పని. పెద్దాయన డిశ్చార్జ్ అయ్యాక ఆ నర్సు ఇంకో మంచానికి వెళ్లిపోతుంది. ఫిజియోకి అసలు పని అప్పుడే మొదలు, నెలల తరబడి.

చదువులో తేడా కూడా ఇక్కడినుంచే వస్తుంది. మొదటి ఏడాది ఇద్దరికీ అనాటమీ, ఫిజియాలజీ ఉంటాయి కదా, రెండూ ఒకటే అనుకుంటారు. బీపీటీలో అనాటమీ అంటే ఒక్కో కండరానికి నాలుగు సంగతులు నోటికి రావాలి: ఎక్కడ పుట్టింది, ఎక్కడ అతుక్కుంది, ఏ నరం నడిపిస్తుంది, ఏ కదలిక ఇస్తుంది. మెడ దగ్గర మొదలై చేతిలోకి దిగే నరాల చిక్కుముడి ఒకటుంది, బ్రాకియల్ ప్లెక్సస్ అంటారు, వైవాలో, అంటే నోటి పరీక్షలో, కాగితం ఇచ్చి గీయమంటే నాకు చేతులు వణికాయి. శవం ముందు నిలబడి చూడటం, బోన్ సెట్ దిండు పక్కన పెట్టుకుని పడుకోవడం, అదంతా మామూలే.

తర్వాత ఎక్సర్‌సైజ్ థెరపీ, బయోమెకానిక్స్, ఎలక్ట్రోథెరపీ వస్తాయి. ఫిజిక్స్ అంటే పడక బైపీసీ తీసుకున్నవాళ్లకి అసలు దెబ్బ ఇక్కడే. ఒంటి లోపలికి వేడి పంపే షార్ట్‌వేవ్ డయాథర్మీ యంత్రం 27.12 మెగాహెర్ట్జ్ మీద ఎందుకు నడుస్తుంది, ఇన్‌ఫ్రారెడ్ దీపాన్ని రెట్టింపు దూరం జరిపితే వేడి నాలుగో వంతుకు ఎందుకు పడిపోతుంది, ఇవన్నీ పరీక్షలో అడుగుతారు. జనం మాత్రం దీన్నంతా కలిపి ‘కరెంటు పెట్టడం’ అంటారు, ఇంకా ధైర్యవంతులు ‘మసాజ్ కోర్సా బాబూ’ అని అడుగుతారు. కండరం బలాన్ని 0 నుంచి 5 దాకా అంకెల్లో కొలవడం, గోనియోమీటర్ పెట్టి మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతోందో చూడటం మొదట ఒకరి మీద ఒకరం నేర్చుకుంటాం. ఆ పైన ఎముకలు, నరాలు, గుండె, ఊపిరితిత్తుల జబ్బుల్లో ఫిజియోథెరపీ, దాంతోపాటు కమ్యూనిటీ పోస్టింగులు.

నర్సింగ్‌లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో తెచ్చిన సిలబస్‌తో మొత్తం 8 సెమిస్టర్లు అయ్యాయి. అనాటమీ, ఫిజియాలజీ మొదటి సెమిస్టర్‌తో సరి. బరువంతా నర్సింగ్ ఫౌండేషన్ మీద ఉంటుంది. మనిషి మంచం మీద ఉండగానే దుప్పటి మార్చడం, ఇంజెక్షన్, కాథెటర్ (మూత్రం గొట్టం) వేయడం, చేతులు కడుక్కోవడం, ఒక్కో పనికీ వరస ఉంది, వరస తప్పితే మార్కు పోయినట్టే. ముందు బొమ్మ మీద, తర్వాత వార్డులో. మందుల చదువు మాకంటే వాళ్లకి చాలా లోతు, ఎందుకంటే మేం మందు చేత్తో ముట్టం, వాళ్లు డోసు లెక్క తప్పితే మనిషికే ముప్పు. పిల్లల వార్డు, మానసిక రోగులు, కాన్పులు, అన్నీ తిరగాలి. చివరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్. మా చెల్లి మొదటి కాన్పు చూసి ఇంటికొచ్చి రెండు పూటలు అన్నం తినలేదు, ఇప్పుడు లేబర్ రూమ్ తప్ప ఇంకెక్కడా చేయనంటుంది.

ఎన్నేళ్లు? నర్సింగ్ నాలుగేళ్లలో అయిపోతుంది. బీపీటీ మా రోజుల్లో నాలుగున్నర. 2021 చట్టంతో ఏర్పడిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ జాతీయ కమిషన్ 2025లో కొత్త సిలబస్ ఇచ్చింది, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదేళ్లు. ఆ ఒక్క ఏడాది ఫీజు, హాస్టల్ ఖర్చు మధ్యతరగతి ఇంట్లో చిన్న విషయం కాదు. అడ్మిషన్ నిబంధనలు కూడా మారుతున్నాయి, పోయినేడు పక్కింటి అబ్బాయికి చెప్పింది విని కూర్చోకుండా ఆ ఏడాది నోటిఫికేషన్ చదవండి.

ఉద్యోగం మాటకొస్తే నర్సింగ్ ముందుంది, ఇందులో నాకు అనుమానం లేదు. 2024 జనవరి చివర్లో తెలంగాణ ప్రభుత్వం దాదాపు ఏడు వేల మంది స్టాఫ్ నర్సులకు ఒకేసారి నియామక పత్రాలు ఇచ్చింది. ఫిజియోథెరపిస్టులకు అలాంటి నోటిఫికేషన్ నేను చూడలేదు, మా పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేటట్టు వస్తాయి. ఎయిమ్స్‌ల నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష నార్సెట్ ఉండనే ఉంది. నేను మొదట ఒక ప్రైవేటు ఆసుపత్రిలో 12,000కి చేరాను, మా చెల్లి నాకంటే ముందే ఇంటికి డబ్బు పంపింది. ఫిజియోకి ఉన్న అవకాశమల్లా సొంత క్లినిక్, ఇళ్లకు వెళ్లి చేయడం. పేరొచ్చాక బాగానే ఉంటుంది, కానీ ఆ పేరు రావడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

విదేశాలంటారా, అక్కడా నర్సుకే దారి సులువు. అమెరికాకి వాళ్లు ఎన్‌క్లెక్స్ అనే నర్సుల లైసెన్స్ పరీక్ష రాస్తే చాలావరకు గట్టెక్కుతారు. ఫిజియోకి అక్కడ ప్రవేశ డిగ్రీయే డాక్టరేట్, మన డిగ్రీని దాంతో తూచి చూశాకే లైసెన్స్ పరీక్ష.

ఇక పేరు ముందు ‘డాక్టర్’ కోసం బీపీటీలో చేరేవాళ్లు. కొత్త సిలబస్‌లో డాక్టర్ అని పెట్టుకుని చివర పీటీ రాసుకోమన్నారు, 2025 సెప్టెంబర్ 9న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ వద్దని లేఖ రాసింది, మర్నాడే వెనక్కి తీసుకుంది. ఇలాంటి దాని మీద ఆశ పెట్టుకుని అయిదేళ్లు చదవకండి, ప్లీజ్.

నన్నడిగితే, ఇంట్లో త్వరగా జీతం కావాలి, నైట్ డ్యూటీకి భయం లేదు, రక్తం చూసి కళ్లు తిరగవు అంటే నర్సింగ్. అబ్బాయిలకు మాత్రం అక్కడ సీట్లు తక్కువ. ఒకే మనిషితో నెలలు కూర్చోగలను, ఈ వారం మోకాలు అయిదు డిగ్రీలు ఎక్కువ వంగిందంటే దానికే సంతోషపడగలను, నాలుగైదేళ్లు ఇంటి నుంచి ఎవరూ డబ్బు అడగరు అంటే బీపీటీ. రెండింటిలో ఏదైనా కాలేజీకి వెళ్లినప్పుడు బిల్డింగ్ చూడకండి, పోస్టింగులు ఏ ఆసుపత్రిలో అని అడిగి, ఆ ఆసుపత్రికి ఒక మంగళవారం పొద్దున చెప్పకుండా వెళ్లి ఓపీలో ఎంతమంది ఉన్నారో చూడండి. నేను అలా చూడకుండా చేరాను. మా కాలేజీ ఆసుపత్రిలో మంచాల కంటే మేమే ఎక్కువమందిమి.