స్టాక్‌హోమ్‌లో ఐదు రాత్రులు, ఒక ఆవకాయ సీసా

ఆవిడ మొదటిసారి "అవును" అన్నప్పుడు నాకు చెమటలు పట్టాయి. హాస్టల్ వంటగదిలో, "ఈ గిన్నె వాడుకోవచ్చా అండీ?" అని ఇంగ్లీషులో అడిగాను. డెబ్బై దాటిన పెద్దావిడ నా వైపు చూసి, పెదాలు సున్నాలా చుట్టి, "ష్షుప్" అని గాలి లోపలికి పీల్చింది. మాట లేదు. ఆయాసమో, గుండెనొప్పో అనుకుని మంచినీళ్ల గ్లాసు పట్టుకుని పరుగెత్తాను. ఆవిడ నవ్వలేక కుర్చీలో కూలబడింది. ఉత్తర స్వీడన్‌లో "అవును" అనడానికి అలా ఊపిరి పీలిస్తే చాలట. మనం తల అడ్డంగా ఆడిస్తూ "సరే సరే" అంటే బయటివాళ్లు ఎందుకు తికమకపడతారో నాకప్పుడు అర్థమైంది.

ఇది 2019 జూన్ మాట. వారం సెలవు, వీపున ఒక బ్యాగు, అందులో అమ్మ బలవంతంగా పెట్టిన ఆవకాయ సీసా.

ఆర్లాండా విమానాశ్రయం ఊరికి దాదాపు 40 కిలోమీటర్ల దూరం. ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కితే 20 నిమిషాల్లో సెంట్రల్ స్టేషన్‌లో ఉంటారు గానీ ఆ టికెట్ ధర చూశాక నేను వెనక్కి తిరిగాను. లోకల్ రైలూ విమానాశ్రయం కిందే ఆగుతుంది, కాకపోతే ఆ స్టేషన్ వాడుకున్నందుకు అదనంగా కట్టాలి. ఆ బాదుడు తప్పాలంటే 583 నంబరు బస్సులో మార్స్టా వెళ్లి, అక్కడ లోకల్ రైలు పట్టుకోవాలి. మామూలు సిటీ టికెట్టే చాలు, 75 నిమిషాలు చెల్లుతుంది. గంట పోతుంది, డబ్బు మిగులుతుంది. నాలాంటివాళ్లకు ఇదే దారి.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. నా స్నేహితుడు ఎప్పుడో ప్రాజెక్టు మీద వెళ్లినప్పుడు మిగిలిన రెండు 500 క్రోనర్ల నోట్లు ప్రేమగా నా చేతిలో పెట్టాడు. క్రోనర్ అప్పుడు ఏడు రూపాయల పైమాట, కాబట్టి ఏడు వేల ఆస్తి. కాఫీ షాపులో ఆ నోటు తీస్తే కౌంటర్లో అమ్మాయి దాన్ని తాతగారి పెళ్లి ఫోటో చూసినట్టు ముచ్చటగా చూసింది. ఆ పాత నోట్లు 2017 జూన్ నెలాఖరుకే చెల్లకుండా పోయాయట. నోట్ల రద్దు చూసిన మనకు అదేం కొత్త కాదు. పైగా ఆ షాపులో కొత్త నోట్లూ తీసుకోరు, కార్డు మాత్రమే. ఐదు రోజుల్లో నేను కొత్త నోటు ఒక్కటి కూడా ముట్టుకోలేదు.

మొదటి రెండు రాత్రులు ఓడలో పడుకున్నాను. ఆఫ్ చాప్‌మన్ అని, మూడు తెరచాప స్తంభాల తెల్లటి ఓడ. 1888లో ఇంగ్లండ్‌లో కట్టారు, 1949 నుంచి హాస్టల్‌గా ఉంది. షెప్స్‌హోల్మెన్ దీవి ఒడ్డున కట్టేసి ఉంటుంది, ఎదురుగా నీళ్లకు అవతల పాత ఊరు, రాజభవనం. గుండ్రటి కిటికీలోంచి చూస్తే రాత్రి పదిన్నరకీ ఆకాశం గులాబి రంగే. గది మాత్రం ఇరుకు. బంకు మంచం మీద కూర్చుంటే తల కొట్టుకుంటుంది, ఎవరైనా పక్కకి తిరిగితే చెక్క కిర్రుమంటుంది. ఒక రాత్రి తప్పకుండా ఉండండి. రెండోది మీ ఇష్టం. మూడోది వద్దు.

పెద్దావిడ పరిచయమైంది ఇక్కడి వంటగదిలోనే. ఉద్యోగం మానేసిన బడిపంతులమ్మ, ఏటా జూన్‌లో ఒక్కతే రాజధానికి వస్తుందట. నేను అన్నం వండుకుని పెరుగు లేదే అని దిగులుపడుతుంటే ఫ్రిజ్‌లోంచి ఒక అట్టడబ్బా తీసిచ్చింది. ఫిల్‌మ్యోల్క్ అంటారు. చిలికిన పెరుగులా జారుగా, కమ్మగా, కాస్త పుల్లగా ఉంటుంది. అన్నంలో పోసి, ఉప్పేసి, ఆవకాయ ముక్క నంజుకుంటే స్టాక్‌హోమ్‌లో మా ఇల్లే. (కొనేటప్పుడు డబ్బా మీద స్ట్రాబెర్రీ బొమ్మ ఉందేమో చూసుకోండి. నేను చూసుకోలేదు. ఆ పూట అన్నం గురించి మాట్లాడను.) ఆవిడ వేలి కొసతో ఊట తీసి నాలుకకు రాసుకుంది. ముఖం బీట్‌రూట్ అయింది. "బాగుందా?" అంటే కళ్లు తుడుచుకుంటూ "ష్షుప్".

చూడాల్సినవాటిలో నా ఓటు వాసా మ్యూజియానికే. ఊళ్లో ఒక్కదానికే డబ్బు పెడతామంటే దీనికి పెట్టండి. 1628 ఆగస్టు 10న మొదటి ప్రయాణానికి బయల్దేరిన వాసా అనే యుద్ధనౌక కిలోమీటరున్నర కూడా వెళ్లకుండా, ఊరంతా చూస్తుండగా మునిగిపోయింది. పైన రెండు వరుసల ఫిరంగులు, కింద చాలని బరువు. ముందే పరీక్ష చేశారు కూడా: ముప్పై మందిని డెక్కు మీద అటూ ఇటూ పరుగెత్తిస్తే ఓడ ప్రమాదకరంగా ఊగి, పరీక్షనే ఆపేశారు. రాజుగారు తొందరపెడుతున్నారు, ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. టెస్టింగ్‌లో ఫెయిలైన సాఫ్ట్‌వేర్‌ని శుక్రవారం సాయంత్రం రిలీజ్ చేయించే మేనేజర్ కింద పనిచేసినవాణ్ని కాబట్టి ఆ కథ రాసిన బోర్డు ముందు చాలాసేపు నిలబడిపోయాను. బాల్టిక్ నీళ్లలో ఉప్పు తక్కువ, చెక్కను తినే పురుగు బతకదు. అందుకే 1961లో పైకి తీసేసరికి ఓడ దాదాపు చెక్కుచెదరకుండా వచ్చింది. ఆ చీకటి హాల్లో అది మీ మీదికి వస్తున్నట్టే ఉంటుంది. షెప్స్‌హోల్మెన్ నుంచి, మ్యూజియం ఉన్న యుర్గోర్డెన్ దీవికి పడవలో వెళ్లండి, సిటీ టికెట్‌తోనే ఎక్కనిస్తారు.

పాత ఊరు గామ్లా స్తాన్ అందంగానే ఉంటుంది, తిండి మాత్రం అక్కడ వద్దు. తొంభై సెంటీమీటర్ల వెడల్పున్న సందు ఒకటుంది, బ్యాగుతో దూరితే ఎదురొచ్చినవాళ్లు వెనక్కి నడవాల్సిందే. వారపు రోజుల్లో మధ్యాహ్నం మిగతా పేటల్లో "దాగెన్స్ లంచ్" దొరుకుతుంది. సలాడ్, బ్రెడ్, కాఫీ అన్నీ కలిపి ఒకే ధర. రాత్రి భోజనం ఖరీదుతో పోలిస్తే ధర్మసత్రమే.

మెట్రో స్టేషన్లలో బొమ్మలు చూడ్డానికి నీలం లైను ఎక్కాను. టి-సెంత్రాలెన్‌లో తెల్లటి రాతి గుహ మీద నీలం తీగలు, సోల్నా సెంత్రుమ్‌లో పైకప్పంతా ఎర్రటి ఆకాశం, కింద పచ్చటి అడవి. బండిలో ఎవరూ ఎవరి పక్కనా కూర్చోరు, ఎవరూ మాట్లాడరు. ఆ నిశ్శబ్దంలో నేను అమ్మతో ఫోన్లో, "ఆ, తిన్నానే, పెరుగన్నమే" అన్నాను. ఎదుటి సీట్లోంచి, "ఏ ఊరు తమ్ముడూ మనది?" అని వినపడింది. చూస్తే తెలుగు జంట. ఆయనది నరసరావుపేట, భార్యది ఖమ్మం. కిస్తాలో ఉంటారు. ఎరిక్సన్ ఆఫీసు, ఐటీ కంపెనీలు ఉన్న పేట, మనవాళ్లు బాగానే కనిపిస్తారు. వాళ్లతోపాటే దిగిపోయాను. గుమ్మంలో చెప్పులు విప్పబోతూ ఆగితే, "విప్పు విప్పు, ఇక్కడి వాళ్లూ విప్పుతారు" అన్నాడు అన్న. వదిన వంకాయ కూర వడ్డిస్తూ, అపార్టుమెంటు కింద అందరికీ కలిపి ఉన్న లాండ్రీ గది గురించి చెప్పింది. ఎవరి గంట వాళ్లు బుక్ చేసుకోవాలి. ఈవిడ పది నిమిషాలు ఆలస్యం చేస్తే పక్కింటాయన ఏమీ అనలేదట, తలుపు మీద మర్యాదగా ఒక చీటీ అంటించాడట. "మొహం మీద తిట్టినా బాగుండేది అన్నయ్యా" అంది నాతో.

చివరి మూడు రాత్రులు సోడర్‌మల్మ్‌లో ఒక చవక హాస్టల్. పేరు చెప్పను. పన్నెండు మంచాల గది. దుప్పటి, దిండు గలీబు అద్దెకు, స్లీపింగ్ బ్యాగు నిషేధం, ఖాళీ చేసేటప్పుడు ఊడ్చి వెళ్లాలి. ఇవన్నీ ఆ దేశంలో చాలా హాస్టళ్లలో ఉన్నవే, అందుకు తప్పు పట్టను. కిటికీకి మాత్రం తెర కాదు, పలచటి పంచెలాంటి గుడ్డ కట్టారు. తెల్లవారుజామున మూడున్నరకే ఎండ కళ్లలో పొడుస్తుంది. జూన్‌లో వెళ్తే కళ్లగంతలు తీసుకెళ్లండి, హాస్టల్‌ని నమ్ముకోకండి.

శుక్రవారం మిడ్‌సమ్మర్ పండుగ. దుకాణాలు మధ్యాహ్నానికే మూసేశారు, ఊరు సంక్రాంతినాటి హైదరాబాద్‌లా ఖాళీ. ఉన్నవాళ్లంతా స్కాన్‌సెన్‌లో ఉన్నట్టున్నారు. అది 1891లో తెరిచిన ఆరుబయట మ్యూజియం. పూలతో చుట్టిన పొడుగాటి స్తంభం, చుట్టూ జనం. అక్కడ నా భుజం మీద ఎవరో తట్టారు. మా పంతులమ్మే, తలమీద పూలదండతో. నన్ను లాక్కెళ్లి వలయంలో నిలబెట్టింది. నిన్నటిదాకా మెట్రోలో పక్క సీటు వదిలేసిన జనం నా చేయి పట్టుకుని, కప్పల్లా చతికిలబడి గెంతడం మొదలుపెట్టారు. సూటు వేసుకున్న పెద్దమనుషులు, చంటిపిల్లలు, నేను. బ్యాగు దింపడం మరిచిపోయాను. మూడో గెంతుకి వీపు మీద ఏదో వెచ్చగా తగిలింది, నాలుగో గెంతుకి పక్కనున్న కుర్రాడు గాలి పీల్చి, "ఇదేం వాసన? బాగుంది!" అన్నాడు.

సీసా మూత ఊడింది. చొక్కా పోయింది, రెండు ప్యాంట్లు పోయాయి, పాస్‌పోర్టు మాత్రం ప్లాస్టిక్ కవరులో ఉండి బతికింది. పంతులమ్మ అడుగున మిగిలిన రెండు ముక్కలు కాగితంలో చుట్టుకుని చేతిసంచిలో పెట్టుకుంది.