కొండ జిల్లాల్లో తిండి భద్రత: సరుకు మోయించాలా, పెరడు పెంచాలా, పండింది నిలవ చేయాలా?

కొండ జిల్లాలో ఆహార, పోషణ ప్రాజెక్టు పెట్టేవాళ్ల దగ్గర డబ్బు ఎప్పుడూ తక్కువే, దారులు మాత్రం మూడు. కింది నుంచి రేషన్ సరుకు పంపడం, ఇంటింటా పెరటి తోట వేయించడం, పండిన పంట పాడవకుండా నిలవ చేయించడం. మూడూ మంచివే కదా అని బడ్జెట్‌ను మూడు ముక్కలు చేస్తే ఏదీ పూర్తిగా నిలబడదు. మంచుకో వానలకో దారి మూసుకుపోయే ఊళ్లో ఆకలి ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. కోతలయ్యాక గాదె నిండుతుంది, కొత్త పంటకు ముందు అడుగంటుతుంది. అందుకే ఇంటింటా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: సొంత గింజ ఎన్ని నెలలు వస్తోంది?

రేషన్ లెక్క కాగితం మీద తేలికే. మనిషికి రోజుకు 400 గ్రాముల ధాన్యం, 60 గ్రాముల పప్పు, 25 గ్రాముల నూనె, 5 గ్రాముల అయోడిన్ ఉప్పు. ఐదుగురున్న ఇంటికి మూడు నెలలకు ధాన్యమే 180 కిలోలు. 200 ఇళ్లకు 36 టన్నులు. ఒక్కో కంచరగాడిద 60 కిలోలు మోసినా 600 బరువులు! దారి మూసుకోకముందే ఇదంతా పైకి చేరాలి. ఆలస్యమైతే సరుకు దారిలోనే తడుస్తుంది. చాలామంది మరిచిపోయేది ఇంకొకటుంది: ప్రతి 300 మీటర్ల ఎత్తుకు నీరు మరిగే ఉష్ణోగ్రత దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. 3,000 మీటర్ల ఎత్తులో నీరు 90 డిగ్రీలకే మరుగుతుంది. అక్కడికి పొట్టుతో ఉన్న శనగలో రాజ్మానో పంపితే కట్టెలు కాలిపోతాయి గానీ గింజ మెత్తబడదు. పొట్టు తీసిన పప్పు బద్దలు పంపాలి, లేదా ఇంటికో కుక్కరు ఇవ్వాలి.

పెరటి తోట పోషణకు అన్నిటికంటే దగ్గరి దారి. ఆకుకూర, గుమ్మడి, క్యారెట్, నాలుగు కోళ్లు ఉంటే పిల్లల కంచం మారిపోతుంది. తోటను చంపేది నీళ్ల లెక్క. ఎండ రోజుల్లో చదరపు మీటరుకు నాలుగైదు లీటర్లు కావాలి. 40 చదరపు మీటర్ల తోటంటే రోజుకు 160 నుంచి 200 లీటర్లు, అంటే 20 లీటర్ల డబ్బాతో ఊట దగ్గరికి ఎనిమిది నుంచి పది సార్లు. ఎక్కువ చోట్ల అది మోసేది పసిబిడ్డ తల్లే. బిడ్డకు తినిపించాల్సిన సమయాన్ని మనమే లాక్కున్నట్టవుతుంది. పైపు పడేదాకా గిన్నెలు, కూరగాయలు కడిగిన నీళ్లతో బతికే 10 చదరపు మీటర్లు చాలు. విత్తనాల పొట్లం కూడా జిల్లా అంతటికీ ఒకటే ఇవ్వకూడదు. వెయ్యి మీటర్లు ఎక్కితే చలి 6 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. లోయలో కాసే టమాటా పై ఊళ్లో పూత మీదే మాడిపోతుంది.

నిలవ పనికి ఫొటోల్లో అందం ఉండదు, అందుకే దానికి చివరగా డబ్బిస్తారు. నా ఓటు మాత్రం ముందు దానికే. పండించిన కష్టం అప్పటికే అయిపోయింది. పురుగుకీ బూజుకీ పోయే గింజను కాపాడితే కొత్త పొలం, కొత్త నీరు అక్కర్లేకుండానే తిండి మిగులుతుంది. గాలి చొరని సంచిలో కట్టిన గింజ తనలోని పురుగుతోపాటు ఊపిరి పీలుస్తుంది, ఆక్సిజన్ తగ్గి పురుగు చస్తుంది. కానీ తేమ 13 శాతం దాటిన గింజను అందులో కడితే మొత్తం ముక్కిపోతుంది. తేమ మీటరు లేకపోతే ఉప్పు పరీక్ష ఉంది. పొడి గాజు సీసాలో మూడో వంతు గింజ, రెండు చెంచాల ఆరిన ఉప్పు వేసి రెండు నిమిషాలు కుదిపి, పావుగంట కదపకుండా ఉంచాలి. ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ 15 శాతం పైన ఉన్నట్టు. అంటుకోకపోయినా ఇంకో రెండు రోజులు ఎండబెట్టాకే సంచికెత్తాలి. సంచులు నేలకు తగలకుండా బల్ల మీద, గోడకు ఎడంగా పెట్టాలి, ఎలుక చిన్న కన్నం పెట్టినా పనంతా వృథా. రోజూ విప్పే సంచి చిన్నదిగా, వేరుగా ఉండాలి.

కూరలకు ఒరుగులున్నాయి. ఆకుకూరను మరిగే నీటిలో నిమిషం ముంచి తీసి, నీడలో గాలికి ఆరబెట్టాలి. నేరుగా ఎండ తగిలితే విటమిన్ ఎ పోతుంది, కొండల మీద ఎండ మరీ కటువు. నలిపితే పొడి అయ్యేదాకా ఆరాలి. పది కిలోల ఆకు కిలోకి దిగుతుంది. విటమిన్ సి మిగలదు, దానికి పచ్చిది ఏదో ఒకటి ఉండాల్సిందే.

మా లెక్కలో, సొంత గింజ ఆరు నెలలు కూడా రాని ఊళ్లో వాదన అక్కర్లేదు, ఈ ఏడాదికి రేషనే, పక్కన నీటి పైపు పని. ఆరు నుంచి తొమ్మిది నెలలు వచ్చే చోట డబ్బులో పెద్ద వాటా నిలవకు. అంతకు మించి వస్తే పెరడు, కోళ్లు, ఒరుగులు.

ఫలితం కొలిచేటప్పుడు గింజ బస్తాలు లెక్కపెట్టి ఆగకండి. 6 నుంచి 23 నెలల పిల్లలు నిన్న ఎనిమిది ఆహార వర్గాల్లో (ధాన్యం, పప్పు, పాలు, గుడ్డు లాంటివి) కనీసం ఐదు తిన్నారా, స్త్రీలు పదింటిలో ఐదు తిన్నారా అని అడగండి. మొదటి సర్వే కొరత నెలలో, చివరిది కోతల తర్వాత చేస్తే ఏ పనీ చేయకపోయినా మెరుగైనట్టే కనిపిస్తుంది. రెండూ ఒకే నెలలో, గాదె అడుగంటే నెలలోనే జరపాలి.