సిరోంచ, అహేరి, భామ్రాగఢ్: చీకటి పడేలోగా

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాకి వెళ్తున్నామని చెప్పగానే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న: "అక్కడ అన్నలుంటారు కదా?" ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 2019 మే 1న ఇదే జిల్లాలో కుర్ఖేడా దగ్గర మందుపాతర పేలి 15 మంది పోలీసులు, వాళ్ల డ్రైవరు చనిపోయారు. ఇప్పుడు రోజులు చాలా మారాయి. పెద్దపల్లికి చెందిన మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాల్ 2025 అక్టోబరులో అరవై మందితో కలిసి ఇక్కడే లొంగిపోయారు. అలాగని కళ్లు మూసుకుని తిరిగే చోటు కాదు.

కాళేశ్వరంలో దర్శనం చేసుకుని గోదావరి వంతెన దాటితే సిరోంచ. చెన్నూరు వైపు నుంచి వచ్చేవాళ్లకి ప్రాణహిత మీద ఇంకో వంతెన ఉంది. బోర్డులు మరాఠీలో ఉన్నా బజారులో అంతా తెలుగే. అన్నం, పప్పు, చేపల పులుసు దొరుకుతాయి కాబట్టి తిండికి ఇబ్బంది లేదు.

మేం దిగిన లాడ్జి గది అంతంతమాత్రం. బకెట్‌కి పిడి లేదు, ఫ్యాను చప్పుడు సరేసరి. కానీ యజమాని ఆధార్ జిరాక్సు తీసుకున్నాక రిజిస్టరు మా వైపు తిప్పారు. మరాఠీలో అచ్చయిన గడుల పక్కన ఆయన సొంతంగా స్కేలుతో ఒక గడి గీసుకుని, పైన తెలుగులో "పోయే ఊరు, తిరిగొచ్చే టైము" అని రాసుకున్నారు. ఇంటి నంబరు కూడా అడిగి రాసుకున్నారు. అహేరిలో దొరికిన లాడ్జి దీనికి పూర్తిగా ఎదురు. ఏసీ, వేడినీళ్లు, తెల్లటి దుప్పట్లు అన్నీ ఉన్నాయి. గుర్తింపు కార్డు మాత్రం అడగలేదు. భామ్రాగఢ్ సంగతి అడిగితే "ఎప్పుడైనా పోవచ్చు, ఏం కాదు" అన్నారు. నా లెక్కలో సిరోంచ లాడ్జికే ఎక్కువ మార్కులు. ఇలాంటి చోట "ఏం కాదు" అనేవాళ్లకంటే "ఇప్పుడు వద్దు" అనేవాళ్లే మనకు పనికొస్తారు.

డ్రైవరు విషయంలోనూ అంతే. అహేరిలో మాట్లాడుకున్న బండి అబ్బాయికి తెలుగు, మరాఠీ, కాస్త గోండీ వచ్చు. మధ్యాహ్నం భోజనమయ్యాక బయల్దేరదామంటే ఒప్పుకోలేదు. "ఇప్పుడు పోతే తిరిగొచ్చేసరికి రాత్రయితది సార్. పొద్దున్నే పోదాం" అన్నాడు. అహేరి పక్కనున్న ఆలపల్లి నుంచి భామ్రాగఢ్ దాకా అరవై కిలోమీటర్ల పైచిలుకు అడవి దారి. ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, కొన్నిచోట్ల అసలే ఉండదు. చీకట్లో టైరు పంక్చరైనా దిక్కుండదు, దానికి నక్సలైట్లే అడ్డు రానక్కర్లేదు. మరునాడు దారిలో ముందు పోలీసు బండి కనిపించగానే బండి నెమ్మది చేసి, టీ కొట్టు దగ్గర ఆపేశాడు. "వాళ్లని పోనీండి, మనకేం తొందర?" అన్నాడు. మందుపాతర పెట్టేది వాళ్ల కోసమే కాబట్టి వాళ్ల వెనకే పోకూడదు, లిఫ్ట్ ఇస్తామన్నా ఎక్కకూడదు. కుర్ఖేడాలో పోలీసులు వెళ్లింది ప్రైవేటు బండిలోనే అన్న సంగతి గుర్తుంటే ఈ జాగ్రత్త అతి అనిపించదు.

చెక్‌పోస్టుల్లో బండి ఆపి, డిక్కీ తెరిపించి, నంబరు రాసుకుంటారు. మర్యాదగానే మాట్లాడారు. క్యాంపులు, వంతెనలు, సెల్ టవర్లు ఫొటో తీయకండి. మిలిటరీ రంగు ప్యాంటు, డ్రోను ఇంట్లోనే వదిలేయండి. శాటిలైట్ ఫోన్ అనుమతి లేకుండా దగ్గర పెట్టుకోవడమే నేరం. రోడ్డు పక్క ఎర్ర బ్యానరు కట్టి ఉన్నా, మూట పడి ఉన్నా దగ్గరికి పోవద్దు, తీసేద్దామని అసలే చూడొద్దు. బ్యానర్ల కింద బాంబులు పెట్టిన సందర్భాలున్నాయి. కాలకృత్యాలకి కూడా పొదల్లోకి వెళ్లకుండా ఊరు వచ్చేదాకా ఆగడం మంచిది. ఆడవాళ్లకి ఇది నిజంగా కష్టమే, భామ్రాగఢ్‌కి కాస్త ముందు వచ్చే హేమల్‌కసా చేరేదాకా సరైన వసతి మాకు కనపడలేదు.

హేమల్‌కసాలో లోక్ బిరాదరీ ప్రకల్ప్ తప్పక చూడాలి. సంఘసేవకుడు బాబా ఆమ్టే 1973లో మొదలుపెట్టారు. ఆయన కొడుకు ప్రకాశ్, కోడలు మందాకిని దంపతులకి 2008లో మెగసెసె అవార్డు తెచ్చిన చోటు ఇదే. మాడియా గోండు గిరిజనుల కోసం ఆసుపత్రి, పిల్లలకి బడి, అనాథ జంతువులకి ఆశ్రయం నడుపుతున్నారు. బస కావాలంటే ముందే మాట్లాడుకోండి, చెప్పకుండా తోసుకుంటూ వెళ్లడానికి అది టూరిస్టు రిసార్టు కాదు. అక్కడి నుంచి భామ్రాగఢ్ కూతవేటు దూరం. ఇంద్రావతి, పాముల గౌతమి, పర్లకోట కలిసే చోట కాసేపు కూర్చుని వచ్చేశాం.

తేదీలు చూసుకోకుండా టికెట్లు కొనొద్దు. జూలై 28 నుంచి ఆగస్టు 3 వరకు మావోయిస్టుల అమరుల వారం, డిసెంబరు 2 నుంచి 8 వరకు పీఎల్‌జీఏ (వాళ్ల సాయుధ దళం) వారం. ఆ రోజుల్లో తనిఖీలు పెరుగుతాయి, బస్సులు తగ్గుతాయి. ఉద్యమం చల్లబడిందని చెప్పినా నేనైతే ఆ వారాల్లో వెళ్లను. ఎలాగూ జూలై, ఆగస్టుల్లో పర్లకోట పొంగితే భామ్రాగఢ్‌కి దారే మూసుకుపోతుంది. ఈ జిల్లాలో మలేరియా కూడా ఎక్కువే, దోమతెర, ఓడోమాస్ పెట్టుకోండి. ఏటీఎంల మీద, ఫోన్‌పే మీద నమ్మకం పెట్టుకోకుండా నగదు ఉంచుకోండి.

భామ్రాగఢ్ టెన్షన్ వద్దనుకునేవాళ్లు సిరోంచలోనే ఉండి వడధామ్ శిలాజాల పార్కు చూడొచ్చు. రాళ్లయిపోయిన చెట్ల మొద్దులు చేత్తో తాకేంత దగ్గరగా ఉంటాయి. సిరోంచ నుంచి ఆలపల్లి వెళ్లే దారిలో రేపన్‌పల్లి దగ్గర లోపలికి తిరిగితే కమలాపూర్ ఏనుగుల క్యాంపు. పిల్లలుంటే ఇది బాగుంటుంది, పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి సిరోంచ చేరుకోవచ్చు.