‘రెడీ టు ఫ్లై’ రిమోట్ విమానం కొంటున్నారా? ముందు ఇది చదవండి

మా మేనల్లుడి కోసం ఆన్‌లైన్‌లో 12,000 రూపాయలు పెట్టి ఫోమ్ రిమోట్ విమానం తెప్పించాను. ‘కొత్తవాళ్లకే ప్రత్యేకం, పెట్టె విప్పి చేత్తో విసిరితే చాలు’ అని ప్రకటన. చాలా ఏళ్లుగా ఇలాంటివి ఎగరేస్తున్న స్నేహితుడు ఇంటికొచ్చి చూడబట్టి సరిపోయింది, లేకపోతే ఎవరి వేళ్లో తెగేవి. ఇదే బొమ్మని పేరు మార్చి నాలుగైదు చోట్ల అమ్ముతున్నారు కాబట్టి రాస్తున్నాను.

అన్నిటికన్నా భయపెట్టింది ఫెయిల్‌సేఫ్, అంటే రిమోట్ సిగ్నల్ పోతే మోటారుని ఆపే ఏర్పాటు. ప్రొపెల్లర్ విప్పేసి, విమానాన్ని బల్లకి అదిమిపట్టి, థ్రాటిల్ (మోటారు వేగం పెంచే స్టిక్) సగానికి పెట్టి ట్రాన్స్‌మిటర్, అంటే చేతిలోని రిమోట్, ఆఫ్ చేశాం. సిగ్నల్ పోగానే మోటారు ఆగిపోవాలి. ఆగలేదు. బ్యాటరీ పీకేదాకా అదే స్పీడులో తిరుగుతూనే ఉంది. గాల్లో ఉండగా సిగ్నల్ పోతే ఆ విమానం మోటారు తిరుగుతూనే ఏ రోడ్డు మీదకో, ఏ పిల్లల గుంపులోకో దూసుకెళ్తుందన్నమాట. ఇది సెట్టింగు లోపమో, విమానంలో సిగ్నల్ అందుకునే రిసీవరే అంతో అమ్మినవాడు ఇప్పటికీ చెప్పలేదు.

తర్వాత ఐలరాన్లు, అంటే విమానాన్ని పక్కకి ఒరిగించడానికి రెక్కల వెనక అంచున కదిలే పలకలు. విమానం వెనక నిలబడి స్టిక్ కుడికి నెడితే కుడి రెక్క మీది ఐలరాన్ పైకి లేవాలి. మాకు వచ్చినదానిలో కిందికి దిగింది. అంటే కుడికి తిప్పుదామనుకుంటే ఎడమకి ఒరుగుతుంది. చేత్తో విసిరిన విమానం తల ఎత్తులో ఉంటుంది, అక్కడ సర్దుకునే టైమ్ ఎవరికీ ఉండదు.

మాన్యువల్ ఇంకో తమాషా. బ్యాలెన్స్ పాయింట్ (వేళ్ల మీద ఆనిస్తే ముక్కు, తోక వాలకుండా విమానం నిలిచే చోటు) రెక్క ముందు అంచు నుంచి 80 మిల్లీమీటర్ల దగ్గర అని అచ్చేశారు. ముందు అంచు నుంచి వెనక అంచు దాకా ఈ రెక్క వెడల్పే 180. మామూలుగా వెడల్పులో పావు నుంచి మూడో వంతు లోపు ఉండాలి, అంటే 45 నుంచి 60. కాగితం మీది బొమ్మ కూడా వేరే మోడల్‌దే! ఆ లెక్కన బ్యాటరీ సర్దితే తోక బరువై, విసిరిన వెంటనే ముక్కు పైకి లేచి కూలుతుంది. దానికి తోడు ‘45 డిగ్రీల కోణంలో బలంగా పైకి విసరండి’ అని సలహా. అలా అస్సలు విసరకండి. గాలికి ఎదురుగా నిలబడి, థ్రాటిల్ ఇచ్చి, చెయ్యి ప్రొపెల్లర్‌కి దూరంగా ఉంచి, రెక్కలు సమంగా పట్టుకుని దాదాపు అడ్డంగా తిన్నగా విసరాలి. కాస్త ఎత్తు అందుకునేదాకా మలుపు తిప్పకూడదు.

బ్యాటరీ ఒక పక్క ఉబ్బి వచ్చింది. మూడు సెల్స్‌లో ఒకటి 3 వోల్టుల లోపు ఉంది, మిగతావి 3.8. ఇలా ఉబ్బిన లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని ఛార్జింగ్ పెట్టొద్దు, అంటుకోవచ్చు.

పెట్టె మీద ‘250 గ్రాముల లోపు, రూల్స్ వర్తించవు’ అని స్టిక్కర్ కూడా ఉంది. వంటింటి కాటా మీద పెడితే బ్యాటరీతో కలిపి 680 గ్రాములు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాములు దాటితే నానో తరగతి కాదు, మైక్రో తరగతి. సరదాకి ఎగరేసే మోడళ్లకి కొన్ని మినహాయింపులున్నా, విమానాశ్రయాల చుట్టుపక్కల లాంటి రెడ్ జోన్‌లో అనుమతి లేకుండా ఎగరేయకూడదు. హైదరాబాద్ చుట్టూ శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ విమానాశ్రయాలు, వైమానిక స్థావరాలు ఉన్నాయి కాబట్టి ముందు ప్రభుత్వ డిజిటల్ స్కై సైట్‌లో మ్యాప్ చూసుకోండి.

ఇక అమ్మినవాడి సంగతి. మొదట ‘సీల్ తీశారు, రిటర్న్ లేదు’ అన్నాడు. తర్వాత ‘మీరే ఎగరేసి పడేసుంటారు’ అన్నాడు, ప్రొపెల్లర్ మీద ఒక్క గీత లేకపోయినా. చివరికి సైట్‌లో నేను పెట్టిన రివ్యూ తీసేస్తే సగం డబ్బు ఇస్తానన్నాడు. తియ్యలేదు. సరుకులో లోపం ఉన్నా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా వెనక్కి తీసుకోననడానికి 2020 ఈ-కామర్స్ రూల్స్ ఒప్పుకోవు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, ఇంకా నడుస్తోంది.

ఇలాంటిదే మీకూ వచ్చి ఉంటే సీల్ విప్పినప్పటి నుంచి కట్ లేకుండా వీడియో తీయండి. ప్రొపెల్లర్ బిగించకముందే ఆ ట్రాన్స్‌మిటర్ ఆఫ్ టెస్టు చేయండి. పాసవకపోతే ఏ స్క్రూ ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు వెనక్కి పంపండి. మీరే రిపేరు చేస్తే ఆ వంకతోనే డబ్బు ఎగ్గొడతారు.