"ఆరు నెలల్లో డైటీషియన్" కోర్సుకు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

డైటీషియన్ అవుదామని ఆన్‌లైన్‌లో కోర్సులు వెతుకుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను కట్టేశాను, మీరైనా ఆగండి. సంస్థ పేరు చెప్పడం లేదు. ఇలాంటివి చాలా ఉన్నాయి, ఒకదాని పేరు చెబితే మిగతావన్నీ మంచివే అనుకునే ప్రమాదం ఉంది.

ప్రకటనలో "ఆరు నెలల్లో సర్టిఫైడ్ డైటీషియన్" అని ఉంది. ఫోన్ చేస్తే ఒకావిడ ఎంతో ఓపిగ్గా మాట్లాడింది. యూనివర్సిటీలో ఏళ్లకేళ్లు సాగదీసి చెప్పేదాన్నే వీళ్లు పనికొచ్చేంత వరకు కుదించి చెబుతారట. ఏది అడిగినా ఆవిడ దగ్గర జవాబుంది. ఆసుపత్రిలో ట్రైనింగ్ ఎక్కడ అని అడిగితే మాత్రం "రికార్డు చేసిన కేస్ స్టడీలు ఉంటాయండీ, ఇంట్లోనే చూసుకోవచ్చు" అంది. ఫోన్ అప్పుడే పెట్టేయాల్సింది. ఈ రాత్రితో డిస్కౌంట్ అయిపోతుందంటే టెన్షన్ పడి కట్టేశాను.

వీడియోలు చూశాను, టిక్కులు పెట్టే పరీక్ష రాశాను, బంగారు రంగు ముద్రతో సర్టిఫికెట్ వచ్చింది. అది పట్టుకుని ఒక ఆసుపత్రిలో ట్రైనీగా అడగడానికి వెళ్లాను. అక్కడి సీనియర్ డైటీషియన్ గారు సర్టిఫికెట్ పక్కన పెట్టి ఒకటే అడిగారు. పదిహేను రోజులుగా సరిగ్గా తినక ఎముకల గూడులా వచ్చిన మనిషికి మొదటి రోజు ఎంత ఆహారం ఇస్తావు? మా వీడియోలో "బక్కచిక్కిన రోగికి కేలరీలు పెంచాలి" అని ఒక స్లైడు ఉంది. అదే చెప్పాను. ఆవిడ కోప్పడలేదు, అదే ఇంకా సిగ్గనిపించింది. అలా ఒక్కసారిగా పెడితే ఒంట్లో ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోతాయట. గుండె లయ తప్పి మనిషి పోవచ్చు. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆకలితో మగ్గి బయటపడిన ఖైదీల్లో డాక్టర్లు దీన్ని గమనించారు. అందుకే అలాంటివాళ్లకు కొద్దికొద్దిగా మొదలుపెట్టి, రక్తపరీక్షలు చూసుకుంటూ పెంచుతారు. నా ఆరు నెలల కోర్సులో ఆ మాటే లేదు. కిడ్నీ రోగికి పొటాషియం, ఫాస్ఫరస్ లెక్క చూడటం, ట్యూబ్ ద్వారా ఆహారం ఇవ్వడం కూడా పేర్లు చెప్పి వదిలేశారు.

ఇంటికొచ్చి ఆ సంస్థ నిబంధనలు మొదటిసారి చివరిదాకా చదివాను. అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: ఈ కోర్సు డైటీషియన్‌గా పనిచేసే అర్హతను ఇవ్వదు.

మరి ఆ సంస్థ చూపించుకునే గుర్తింపు ముద్రలన్నీ ఏమిటంటే, ఒకటి ఐఎస్‌ఓ 9001. అది సంస్థ తన పనులను ఎలా నిర్వహిస్తుందన్నదానికి ఇచ్చేది, పాఠాల్లో సరుకుందని చెప్పేది కాదు. ఇంకోటి సీపీడీ గుర్తింపు. సీపీడీ అంటే ఇప్పటికే అర్హత ఉన్నవాళ్లు తమ చదువును తాజాగా ఉంచుకోవడానికి చేసే కోర్సులు. దాన్ని వృత్తిలోకి దారిలా చూపించి అమ్ముతున్నారు. మూడోది ఏదో "అంతర్జాతీయ మండలి". వెతికితే దాని చిరునామా, ఈ సంస్థ చిరునామా ఒక్కటే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అసలు దారి దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో హెచ్‌సీపీసీ (ఆరోగ్య వృత్తులవాళ్లను నమోదు చేసే సంస్థ) రిజిస్టర్‌లో పేరు లేకుండా డైటీషియన్‌నని చెప్పుకోవడం నేరం. న్యూట్రిషనిస్ట్ అన్న మాటకు మాత్రం అలాంటి చట్టరక్షణ లేదు, అందుకే ఈ కోర్సుల వాళ్లు రెండు మాటలనూ కలిపేసి వాడతారు. అమెరికాలో రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష రాయాలంటే 2024 జనవరి 1 నుంచి మాస్టర్స్ డిగ్రీ కావాలి, దాంతోపాటు కనీసం 1,000 గంటలు పర్యవేక్షణలో పనిచేసి ఉండాలి. వెయ్యి గంటలు! నేను వార్డులో ఒక్క గంట కూడా నిలబడలేదు.

డిగ్రీ చేస్తున్నాం కదా, మాకేం అనుకునేవాళ్లు కూడా ఒక్కసారి చూసుకోండి. పేరులో న్యూట్రిషన్ ఉన్న ప్రతి డిగ్రీ డైటీషియన్‌ని చేయదు. కొన్ని పరిశోధనకో, ఆహార పరిశ్రమకో పనికొచ్చేవి. అవి మోసం కావు, మీరు వెళ్లాలనుకున్న చోటికి వెళ్లవు, అంతే. యూనివర్సిటీ ఇచ్చే కరపత్రాన్ని నమ్ముకోకుండా, మీరు పనిచేయాలనుకునే దేశంలో రిజిస్ట్రేషన్ ఇచ్చే సంస్థ జాబితాలో ఆ కోర్సు పేరు ఉందో లేదో చూడండి. చదువులో భాగమైన ఆసుపత్రి ట్రైనింగ్ (ప్లేస్‌మెంట్) యూనివర్సిటీయే ఇప్పిస్తుందా, మీరే వెతుక్కోవాలా అన్నది రాతపూర్వకంగా అడగండి. "చూద్దాం లెండి" అన్నారంటే మీరే వెతుక్కోవాలని అర్థం.

డబ్బు వెనక్కి ఇమ్మని నాలుగు మెయిళ్లు పెట్టాను. మొదటి పాఠం డౌన్‌లోడ్ చేసుకున్న రోజే రీఫండ్ హక్కు పోయిందని జవాబొచ్చింది. కార్డు ఇచ్చిన బ్యాంకులో ఫిర్యాదు పెట్టాను, ప్రకటన స్క్రీన్‌షాట్, ఆ చిన్న అక్షరాల నిబంధన రెండూ జత చేసి. ఇలాంటి కోర్సు నుంచి డబ్బు రాబట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, బ్యాంకుకు ఏం రాశారో కింద చెప్పండి.